నాలుగు వందల పదిహేడో గొడుగు

మా పెద్దమ్మకి ప్రతిదీ లెక్కపెట్టే అలవాటు. అంట్లు తోమాక చెంచాలు లెక్కపెడుతుంది. బట్టలు తీశాక క్లిప్పులు లెక్కపెడుతుంది. కుట్టుమిషన్ మూసేముందు సూదులు, కత్తెర, దారపు కండెలు వరసగా పేర్చి, పెదాలు కదుపుతూ లెక్క సరిచూసుకుని గానీ లేవదు. చిన్నప్పుడు మేం ఏడిపించేవాళ్లం. "పెద్దమ్మా, మేం నలుగురమూ ఉన్నామో లేదో ఓసారి చూసుకో" అనేవాళ్లం. అందరికీ నవ్వొచ్చేది, ఆవిడకి తప్ప.

మా అమ్మకి సొంత అక్క. వయసులో ఉండగా ఊరి చివర విమానాల మైదానంలో, పారాషూట్లు మడతపెట్టే షెడ్డులో పద్నాలుగేళ్లు పనిచేసింది. అక్కడివాళ్లు పారాషూట్‌ని గొడుగు అనేవారు. అందుకే మా వీధిలో ఆవిణ్ణి గొడుగుల పెద్దమ్మ అంటారు. పిల్లలు లేరు. పెదనాన్న పోయి ఆరేళ్లయింది. మేం పై వాటాలో ఉంటాం, ఆవిడ కింద. నేను మందుల షాపులో పనిచేస్తాను.

మైదానం మూతపడి చాలా కాలమైంది. రన్‌వే సగం గడ్డి మొలిచిపోయింది. మంటలార్పే బళ్లు పెట్టుకునే పాత షెడ్డుని మాత్రం రెండేళ్ల కిందట బాగుచేసి, చిన్న విమాన మ్యూజియంగా మార్చారు. అక్కడ పనిచేసినవాళ్లంతా వెళ్లి చూసొచ్చారు. పెద్దమ్మ వెళ్లలేదు. మొదట మోకాళ్ల నొప్పంది. తర్వాత "పద్నాలుగేళ్లు చూసిందేగా, కొత్తగా చూసేదేముంది" అంది. ఆ మాట నేనూ నమ్మాను.

మ్యూజియం చూసుకునేది రిటైరైన చరిత్ర మేష్టారు. ఒకరోజు ఆయనే షాపుకి ఫోన్ చేశారు. "మీ పెద్దమ్మగారి షెడ్డులో సామాన్లు దొరికాయమ్మా. ఏది ఎందుకు వాడేవారో మాకు తెలీడం లేదు. ఒక్క గంట వచ్చి చెబితే చాలు." ఒప్పించడానికి నాకు వారం పట్టింది. చివరికి "నువ్వు పక్కనే ఉంటావా?" అని అడిగింది. మ్యూజియంకి వెళ్లడానికి తోడెందుకా అనుకున్నాను.

షెడ్డు లోపల నూనె వాసన ఇంకా పోలేదు. మధ్యలో రెండు సీట్ల శిక్షణ విమానం, దాని రెక్క కిందనుంచి వంగి నడవాలి. గోడల పొడుగునా ఫొటోలు, తోలు టోపీలు, ముల్లు విరిగిన గడియారాలు, పాత రేడియో పెట్టెలు. ఓ మూల అద్దాల బీరువాలో పెద్దమ్మ షెడ్డు సామాను పరిచారు. తాళ్లు సరిచేసే కొక్కేలు, సీలు వేసే పటకారు, పక్కన జానెడు పొడుగున్న గుడ్డ సంచులు. సంచుల్లో సీసపు గుళ్లుంటాయి. మడత జారకుండా గుడ్డ మీద బరువుగా పెట్టి, పని అయ్యాక తీసేయాలి.

పెద్దమ్మ బీరువా ముందు నిలబడింది. పెదాలు కదిలాయి, లెక్కపెడుతోందని తెలిసింది. పన్నెండు సంచులు. పదకొండు ఖాకీ దారంతో కుట్టినవి, చివరిదాని దారం మాత్రం నల్లగా ఉంది. ఆవిడ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. 

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం లేదు. కూర్చుంటాను."

కుర్చీ తెచ్చేలోగా వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అరవై దాటిన మనిషి, నిటారుగా ఉన్నాడు, మొహమంతా నవ్వు. మేష్టారు పరిచయం చేశారు. ఆయన ఈ మైదానంలోనే విమానం నడపడం నేర్చుకుని, తర్వాత ఎన్నో ఏళ్లు నడిపారట. అందరూ కెప్టెన్ గారు అంటారు. వారానికి రెండు రోజులొచ్చి చూడ్డానికొచ్చినవాళ్లకి కబుర్లు చెబుతారు.

"మిమ్మల్ని చూడాలని రెండేళ్లుగా అనుకుంటున్నానమ్మా. రండి, మీకొకటి చూపించాలి" అంటూ ఆయన పెద్దమ్మని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లాడు.

విమానం పక్కనే బల్ల మీద ఓ గొడుగు మూట ఉంది. విప్పలేదు. ఎర్రదారం మీద సీసం సీలు అలాగే ఉంది. పక్క జేబులోంచి పసుపుపచ్చ చీటీ తీసి పైన పెట్టారు. నంబరు నాలుగు వందల పదిహేడు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో పెద్దమ్మ సంతకం.

"మా బృందాన్ని వేరే మైదానానికి మార్చినప్పుడు ఇది నాకొచ్చింది" అన్నాడు కెప్టెన్. "తొమ్మిది వారాలు నా వీపు మీదే ఉంది. ఓ రోజు రెక్క మీంచి దిగుతుంటే జారిపడి దీని బకిల్ విరగ్గొట్టాను. పనికిరాదని చీటీ కట్టి గోదాములో పడేశారు. ఆ గోదాము ఖాళీ చేసేటప్పుడు నేను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకో తెలుసా?"

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ తొమ్మిది వారాల్లో ఒకసారి గాల్లో నా ఇంజను ఆగిపోయింది. కింద అడవి. నా సీటు మీది అద్దపు మూత తెరిచాను. ఒక కాలు బయట పెట్టాను కూడా. చెయ్యి ఇదిగో, ఈ పిడి మీదే ఉంది. వీపు మీద గొడుగుందిలే, దూకేద్దాం అనుకున్నాను. అంతలో ఇంజను మళ్లీ అందుకుంది. ఆవేళ నాకు ధైర్యమిచ్చింది మీ సంతకమమ్మా."

పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నుదుటి మీద చెమట పట్టి చెంపల మీదికి జారుతోంది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాడు కెప్టెన్. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. వచ్చే ఆదివారం మ్యూజియం రెండో వార్షికోత్సవమని, అందరి ముందూ ఈ మూట ఆవిడ చేతే విప్పించి, గొడుగుని పైకప్పుకి వేలాడదీయాలని చెప్పాడు. "మీరు కట్టిన ముడి మీరే విప్పాలి" అన్నాడు. మేష్టారు అప్పటికే పిలుపు కాగితాలు అచ్చు వేయించారట.

బయటికొచ్చాక బస్‌స్టాప్ దాకా కూడా నడవలేకపోయింది. గోడ పక్కనే కూలబడి వాంతి చేసుకుంది.

 మర్నాడు పొద్దున్నే పైకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. "తలుపెయ్యవే. నీకో మాట చెప్పాలి. మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు."

అప్పుడు చెప్పింది. ముప్ఫై ఆరేళ్ల కిందటి మాట.

గొడుగు మడత వెయ్యాలంటే నలభై అడుగుల బల్ల కావాలి. గుడ్డ పరిచి, ఇరవై నాలుగు తాళ్లు చిక్కు లేకుండా చూసి, మడత మీద మడత వేస్తూ, జారకుండా సంచులు పెడుతూ వెళ్లాలి. మూట కట్టేముందు సంచులన్నీ తీసి గూట్లో పెట్టి లెక్క చెప్పాలి. ఒక్కో మూటకీ ఒక్కోసారి. ఒక్కటి తగ్గినా మూట కట్టకూడదు, సీలు వెయ్యకూడదు. మడతల్లో ఒక్క సంచి ఉండిపోయినా గొడుగు తెరుచుకోకపోవచ్చు.

ఆ రోజు విమానాలు ఎక్కువ, పని ఎక్కువ. తొందరలో పెద్దమ్మ ప్రతి మూటకీ లెక్కపెట్టకుండా, చివర్లో ఒకేసారి చూసుకోవచ్చనుకుంది. ఏడో మూట సీలు వేస్తుండగా ఫోన్. పెదనాన్న చెయ్యి లేతు మిషన్లో పడింది, వెంటనే ఆస్పత్రికి రమ్మన్నారు. గూట్లో చూస్తే పదకొండు సంచులే ఉన్నాయి. బల్ల కింద పడి ఉంటుందనుకుంది. అంతలో సూపర్‌వైజరమ్మ గుమ్మంలోంచే అడిగింది: "పన్నెండూ ఉన్నాయా?"

"ఉన్నాయి" అంది పెద్దమ్మ. అనేసి ఆస్పత్రికి పరిగెత్తింది.

పెదనాన్నకి రెండు వేళ్లు పోయాయి. మర్నాడు అందరికంటే ముందొచ్చి షెడ్డంతా ఊడ్చింది. బల్ల కింద, గూటి వెనక, చెత్తబుట్టలో ఎక్కడా సంచి లేదు. మూటలు ఏడూ అప్పటికే విమానాల దగ్గరికి వెళ్లిపోయాయి. నోరు విప్పితే విమానాలన్నీ నిలిపేస్తారు, ఏడు మూటలూ విప్పిస్తారు, తన ఉద్యోగం పోతుంది. ఇంట్లో మొగుడు కట్టుకట్టిన చేత్తో మంచం మీద. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. మధ్యాహ్నం ఇంటికెళ్లి, పాత ఖాకీ గుడ్డతో అలాంటి సంచే ఒకటి కుట్టి, పెదనాన్న పనిముట్ల పెట్టెలోంచి ఇనప గుళ్లు తీసి అందులో నింపింది. ఇంట్లో ఖాకీ దారం లేదు, నల్లదారమే ఉంది. గూట్లో మళ్లీ పన్నెండయ్యాయి.

"మూడు నెలలకోసారి ప్రతి గొడుగూ విప్పి మళ్లీ మడవాలి. ఆ ఏడూ ఎప్పుడొస్తాయా అని కాచుకున్నాను. ఒకటొచ్చింది, విప్పాను, ఏం లేదు. రెండోది, ఏం లేదు. ఆరూ నా చేతులతోనే విప్పాను. ఏడోది, ఆ నాలుగు వందల పదిహేడు, రాలేదు. ఎక్కడికో పంపేశారన్నారు. ఎక్కడికని అడగడానికి నోరు రాలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడిగితే ఎందుకడిగావంటారేమోనని."

తర్వాత రెండేళ్లు అక్కడే పనిచేసింది. కళ్లు సరిగా కనబడటం లేదని చెప్పి మానేసింది. రేడియోలో విమానం కూలిందన్న వార్త వస్తే చాలు, చేతిలో పని వదిలేసి గోడకి ఆనుకునేదట. ఎక్కడ కూలింది, ఎవరు పోయారు, దూకాడా, గొడుగు తెరుచుకుందా. వార్తల్లో అవేవీ చెప్పరు. అలా ముప్ఫై ఆరేళ్లు. ఇంట్లో ఫోను మోగితే ఎప్పుడూ పెదనాన్నే తీసేవాడు, ఈవిడ ముట్టుకునేది కాదు. ఎందుకో ఆ రోజుదాకా నాకు తెలియలేదు.

"పోనీలే పెద్దమ్మా, ఎవరికీ ఏమీ కాలేదుగా" అన్నాను. అంతకంటే మంచి మాట తట్టలేదు.

"ఒక కాలు బయట పెట్టాడు" అంది. "విన్నావుగా. ఒక కాలు."

ఆ వారం ఇద్దరికీ నిప్పుల మీద నడకే. ఆవిడకి అన్నం సహించలేదు.  రానని చెప్పేస్తానంటుంది. "రాకపోయినా వాళ్లు విప్పుతారుగా" అని మళ్లీ తనే అంటుంది. ఒకసారి సంచి అందులో లేదేమోనని ఆశపడుతుంది. లేకపోతే ఆ సంచి ఏమైనట్టని ఇంకో భయం పట్టుకుంటుంది.

శుక్రవారం పొద్దున్న ఆవిడే ఒక దారి చెప్పింది. "రేపొకసారి వెళ్దామే. మేష్టారు ఒక్కడే ఉంటాడు. సీలు దారం చూసి పెడతానని చెబుతాను. చెయ్యి దూర్చి తీసేయడం నాకు రెండు నిమిషాల పని. మళ్లీ మూసేస్తే ఎవరికీ తెలీదు."

తప్పని తెలుసు. అయినా ఆవిడ మొహం చూసి సరేనన్నాను.

శనివారం వెళ్లాం. మేష్టారు సంబరపడిపోయి, మూట మా ముందు పెట్టి, కుర్చీలు అద్దెకి తేవడానికి వెళ్లారు. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. రేకు కప్పు ఎండకి టక్ టక్ మంటోంది. నేను గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాను. బయట సైకిల్ చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను.

పెద్దమ్మ మూట మీద రెండు చేతులూ వేసింది.  కళ్లు మూసుకుని, రోగి పొట్ట తడిమే డాక్టరులా బొటనవేళ్లతో మెల్లగా నొక్కుకుంటూ వెళ్లింది. కుడివైపు, మూల దగ్గర, వేళ్లు ఆగాయి. మళ్లీ అక్కడే నొక్కింది.

"ఉంది" అంది.

"తీసెయ్ పెద్దమ్మా. తొందరగా."

ఆవిడ సీలు దారం పట్టుకుంది. ఎంతసేపు అలా ఉందో. నాకు గంటలా అనిపించింది. తర్వాత దారం వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఉన్నాయని ఆవేళ ఒక అబద్ధం ఆడాను. నల్లదారంతో రెండోది కుట్టాను. మూడోది ఆడి చావలేనే. కెప్టెన్ గారిని పిలిపించు."

"రేపు అందరి ముందూ..."

"ఇప్పుడే పిలిపించు. రేపటిదాకా ఉంటే నాకు మనసు మారిపోతుంది."

కుర్చీలతో తిరిగొచ్చిన మేష్టారి చేత ఫోన్ చేయించాను. కెప్టెన్ వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. నవ్వుతూ వచ్చాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పింది. వంకలేమీ చెప్పలేదు. మొగుడి చెయ్యి సంగతి కూడా, "ఫోనొచ్చింది, వెళ్లాల్సొచ్చింది" అని ఊరుకుంది. ఆ సంగతి నేను చెప్పబోతే కళ్లతోనే వారించింది.

ఆయన నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. "విప్పండి" అన్నాడు.

పెద్దమ్మ సీలు తెంపింది. పిన్నులు తీసింది. గుడ్డ బుస్సుమని పైకి లేచింది, అన్నేళ్లు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. మూడో మడతలో, తాళ్లు గుడ్డని కలిసే చోట, ఖాకీ సంచి. బూజు పట్టలేదు, రంగు కూడా మారలేదు. ఆవిడ దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది.

కెప్టెన్ దగ్గర్లో ఉన్న చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. సంచిని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. గుళ్లు గలగలలాడాయి.

"తెరుచుకునేదా?" అన్నాడు.

"తెలీదు సార్" అంది పెద్దమ్మ. "గాలికి సంచి ఎగిరిపోయి గొడుగు తెరుచుకోవచ్చు. తాళ్లలో చిక్కుకుని తెరుచుకోకపోవచ్చు. ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెలీలేదు."

"సగం సగమా?"

"అదీ తెలీదు సార్. తెలిసినట్టు చెబితే మళ్లీ అబద్ధమవుతుంది."

 ఆయన పక్కనున్న శిక్షణ విమానంలో పైలట్ సీటు వైపు చూశాడు, చప్పున చూపు తిప్పుకున్నాడు. సంచి బల్ల మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు. గడ్డి మొలిచిన రన్‌వే మీద చాలా దూరం వెళ్లి, అక్కడే నిలబడిపోయాడు. ఎండలో అలాగే. పిలవడానికి మాకు ధైర్యం చాలలేదు.

ఆదివారం సభకి ఆయన రాలేదు. పెద్దమ్మ వెళ్లింది. గొడుగు పైకప్పుకి వేలాడదీశారు. ఎవరికీ ఏమీ కానప్పుడు ఇప్పుడెందుకమ్మా చెప్పడం అని మేష్టారు బతిమాలారు. ఆవిడ వినలేదు. జరిగిందంతా కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చి, సంచితో పాటు బల్ల మీద పెట్టమంది. మేష్టారు రెండు రోజులు నానబెట్టి, చివరికి పెట్టారు. వారం తిరక్కుండా పాత సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. "నీ ఒక్కదాని మూలంగా మా అందరి చేతులకీ మసి పూశావు. నన్ను కూడా అబద్ధాలకోరుని చేశావు" అని చెడామడా తిట్టింది. ఆ ఫోన్ పెద్దమ్మే తీసింది. పూర్తయ్యేదాకా చెవికి ఆనించుకుని నిలబడింది. "నిజమే అక్కా" అని పెట్టేసింది.

కెప్టెన్ మూడు వారాల తర్వాత మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఆయన్ని చూడగానే పెద్దమ్మ మొహం పాలిపోయింది. పోలీసు కేసు పెడతాడని ఆవిడకి లోలోపల ఓ భయం ఉండేది. ఆయన కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. మనిషి చిక్కాడు.

"ఒక్కసారి సరిగ్గా మడిచి చూపిస్తారా?" అని అడిగాడు. "ఇన్నేళ్లు వీపు మీద మోశాను. ఎలా కడతారో ఒక్కసారి కూడా చూడలేదు."

మర్నాడు మ్యూజియం బల్లలన్నీ కలిపి వేసి, గొడుగుని కిందికి దింపాం. పెద్దమ్మ మడిచింది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, నాలుగు గంటలు నిలబడి మడిచింది. కెప్టెన్ అడుగడుక్కీ ప్రశ్నలడిగాడు. ఈ తాడు ఇలా ఎందుకు, ఆ మడత అటెందుకు అని. ఒక్కోసారి గొంతు కటువుగా ఉండేది. ఆవిడ అన్నింటికీ జవాబు చెప్పింది. సంచులు గూట్లో పెట్టాక ఆయన తనే లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

వెళ్లేముందు గుమ్మంలో ఆగాడు.

"మీకు చెప్పాలమ్మా. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ అడవే కనిపిస్తోంది. ఇదివరకు తలుచుకుంటే గర్వంగా ఉండేది. ఇప్పుడు వీపు చల్లబడిపోతోంది. మిమ్మల్ని క్షమించానని అనాలని వచ్చాను, నోరు రావడం లేదు."

"అనొద్దు సార్" అంది పెద్దమ్మ. "తొందరేం లేదు."

ఆయన తలూపి, చెప్పులేసుకుని వెళ్లాడు. వచ్చే గురువారం మళ్లీ వస్తానని మేష్టారుతో అనడం వినపడింది. పెద్దమ్మ కూడా గురువారాలు వస్తానంది.